కబుర్ల బాబాయ్ మడమ

"ఈసారి కూడా తగ్గకపోతే ఇక కుర్చీ అమ్మేసుకోవడమేనా అమ్మడూ?"

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని తండ్రి ఆ మాట అన్నప్పుడు, కూతురు తన ఒళ్లో ఉన్న మూడేళ్ల పాపకు బిస్కెట్టు విరిచి పెడుతోంది. ఆయన ఏ కుర్చీ గురించి అంటున్నాడో ఆమెకు తెలుసు.

మందుల షాపుకూ సైకిల్ రిపేరు కొట్టుకూ మధ్య ఉన్న ఇరుకు గదిలో ఆయన సెలూన్. ఒకటే కుర్చీ, ఎదురుగా అద్దం, పక్కన నీళ్లు చిమ్మే సీసా. పడుచువాడిగా ఉన్నప్పటి నుంచీ ఆయన ఆ కుర్చీ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. అక్కడ కత్తెర చప్పుడు కన్నా ఆయన మాటలే ఎక్కువ వినిపిస్తాయి. అందుకే వీధి వీధంతటికీ ఆయన కబుర్ల బాబాయ్.

కిందటి ఏడాది నుంచి ఆయనకు పొద్దున మంచం దిగడమే గండమైపోయింది. మొదటి అడుగుకి మడమలో మేకు దిగినట్టుండేది. గోడ పట్టుకుని కాస్త నడిస్తే సర్దుకునేది. సాయంత్రానికి మళ్లీ నిప్పుల మీద నిలబడ్డట్టే. మెత్తటి చెప్పులు వేశాడు. ఐసు సీసా అరికాలి కింద దొర్లించాడు. గోడకు చేతులానించి పిక్కలు సాగదీశాడు. మాత్రలు మింగాడు. ఏదీ పట్టుమని పది రోజులు పనిచేయలేదు.

ఒకరోజు తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయనకు గడ్డం గీస్తూ కుర్చీకి అటువైపు తిరిగేసరికి నొప్పి కాలు లటుక్కున మడత పడింది. కత్తి చెవి వెనక గీసుకుంది.

"ఏమోయ్, చెవులు రెండూ ఉండనీ! కళ్లజోడు దేనికి తగిలించుకోను?" అని నవ్వాడు పెద్దాయన.

కబుర్ల బాబాయ్ కూడా నవ్వాడు. పెద్దాయన వెళ్లగానే షట్టరు సగం దించి, తన కుర్చీలో తనే కూలబడ్డాడు. ఆ మర్నాటి నుంచి కత్తి ముట్టలేదు. గడ్డానికి వచ్చినవాళ్లను ఏదో సాకు చెప్పి పంపేసేవాడు. అలా వెళ్లినవాళ్లు జుట్టు కత్తిరింపుకు కూడా మళ్లీ రాలేదు.

డాక్టరు చూసి, "ఆపరేషన్ ఆఖరి మాట. ముందు షాక్‌వేవ్ చేద్దాం" అన్నాడు.

"కరెంటు పెడతారా బాబూ?" అని బాబాయ్ హడలిపోయాడు.

"కరెంటు కాదు నాన్నా," అంది కూతురు. ఆమె హైస్కూల్లో సైన్సు టీచరు. "శబ్దంలాగే అది కూడా ఒత్తిడి తరంగం. అరికాలి కింద పట్టీలాంటి పొర ఒకటి ఉంటుంది, అది మడమకు అతుక్కునే చోట నీకు చెడింది. అక్కడ తట్టి తట్టి, మళ్లీ బాగుపడే పని మొదలుపెట్టిస్తారు."

అది అందరికీ పనిచేయదని కూడా ఆమె చదివింది. ఆ సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.

వారానికొకసారి వస్తున్నారు. ప్రతిసారీ ఫిజియోథెరపీ అమ్మాయి మడమ నొక్కుతూ, "ఇక్కడేనా బాబాయ్‌గారూ?" అని అడగడం, ఆయన "ఆఁ, అక్కడే తల్లీ" అనడం. జెల్లు రాసి, పిస్తోలులాంటి పరికరం ఆనిస్తే అది టకటకా కొట్టేది. "నా కత్తెర ఇంత జోరుగా ఆడితే ఈపాటికి మేడ కట్టేవాణ్ణి" అని ఆయన నవ్వించేవాడు. ఇంటికెళితే నొప్పి నొప్పిలాగే ఉండేది. అనుకున్న వారాల్లో ఇదే ఆఖరిది.

ఆ రోజు ఫిజియో అమ్మాయి ముందే పిలిచి, మడమ మీద నీలి పెన్నుతో చుట్టు గీసి, మెషిన్ ఖాళీ అయ్యేదాకా బయట కూర్చోమంది. కూతురికి మనసు మనసులో లేదు. పాపను బెంచీ మీద దించి, తండ్రి పాదం చేతుల్లోకి తీసుకుని చుట్టు మధ్యలో నొక్కింది.

"ఇక్కడ?"

ఆయన నవ్వాడు.

వేలు కొంచెం లోపలి వైపుకు జరిపి నొక్కింది. "మరి ఇక్కడ?"

అదే నవ్వు. కానీ బెంచీ అంచు పట్టుకున్న ఆయన వేళ్లు తెల్లబడ్డాయి.

"నాన్నా! చుట్టు ఒకచోట, నీ ప్రాణం పోతున్నది ఇంకోచోట! ఇన్నాళ్లూ ఆ అమ్మాయికి ఏం చెప్పావు?"

"చిన్నపిల్లే పాపం. వంగి వంగి వెతుకుతుంటే కాదు, కాదని ఎలా సతాయించను?"

"కనీసం ముఖంలోనైనా తెలియనివ్వకూడదూ?"

"ముఖంలోనా?" అన్నాడాయన. "కత్తి పట్టినవాడి ముఖం మారితే కుర్చీలో కూర్చున్నవాడు జడుసుకుని కదులుతాడే. కదిలితే తెగుతుంది. నడుం పట్టేసినా, జ్వరం కాసినా నవ్వుతూనే గీశాను. ఇప్పుడు మారమంటే ఈ ముఖానికి చేతకావడం లేదమ్మా."

ఆమెకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అంతలో లోపలి నుంచి పిలుపు. ఈసారి ఆమె కూడా వెంట వెళ్లి సంగతంతా చెప్పింది. ఫిజియో అమ్మాయి తల పట్టుకుంది. "మీరు చెబుతారనే కదా బాబాయ్‌గారూ, మత్తు ఇవ్వకుండా చేస్తున్నది! మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?"

ఆయన తలవంచుకుని, తన వేలితో తనే చోటు చూపించాడు. మెషిన్ ఆనగానే "అమ్మో! చచ్చానే!" అని వరండా దాకా వినిపించేలా అరిచాడు. ఆ అమ్మాయి జోరు తగ్గించి, అడుగుతూ అడుగుతూ మెల్లగా పెంచింది. ఆ తర్వాత డాక్టరు వారాలన్నీ మళ్లీ మొదటి నుంచి లెక్క అన్నాడు. అది విని బాబాయ్ ఆటోలో ఇల్లు చేరేదాకా కుర్చీకి ఎంతొస్తుందో లెక్కలు కట్టాడు. ఆ లెక్కలకే కూతురు ఎక్కువ భయపడింది.

మార్పు చాలా నెమ్మదిగా వచ్చింది. తగ్గుతోందని ఆశపడిన వారమే మళ్లీ తిరగబెట్టేది. చివరికి ఒక పొద్దున పంపు దాకా వెళ్లాక, గోడ పట్టుకోలేదన్న సంగతి ఆయనకే తట్టింది. నొప్పి పూర్తిగా పోలేదు. కత్తెర పని ఇప్పుడు చక్రాల స్టూలు మీద కూర్చునే చేస్తాడు. గడ్డానికి మాత్రం లేచి నిలబడతాడు. నిలబడగలుగుతున్నాడు.

మొన్న పాప సెలూన్ గుమ్మం దగ్గర జారిపడి గుక్కపట్టింది. "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటూ కూతురు పరుగెత్తింది. తాతయ్య స్టూలు మీద నుంచే కసిరాడు.

"ఏం కాలేదని నువ్వెలా చెప్తావే? పడింది నువ్వా? వేలు పెట్టి చూపించమను. చూపించేదాకా నోరు మూసుకుని కూర్చో."

అప్పటి నుంచి పాప ఏడిస్తే ఆమె పక్కనే నేల మీద కూర్చుంటుంది. పాప వేలు పెట్టి చూపించేదాకా మాట్లాడదు.