పళ్లెం అడుగున నా గుర్తు

దయ్యాలను నమ్మే మనుషులంటే నాకు మొదటినుంచీ చిరాకు. మా వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా గాలి సోకిందంటూ దిష్టి తీస్తారు. ముందు దవాఖానకు పొమ్మని గట్టిగా చెప్పేది నేనే. ఇప్పటికీ అదే చెప్తాను. అయినా మా ఇంట్లో జరిగిన ఈ ఒక్క సంగతి మాత్రం నాకు కొరుకుడు పడలేదు.

మాకు సిద్దిపేటలో బట్టల దుకాణం ఉంది. మా ఆయన, మా మరిది కలిసి నడుపుతారు. ఒకటే ఇల్లు, కింద మేం, పైన మరిది వాళ్లు. అత్తమ్మ మా దగ్గరే ఉంటుంది. మరిది భార్య స్వప్న నాకు తోటికోడలు. మా వైపు యారాలు అంటాం.

పాత ఇంగ్లీషు పింగాణీ పిచ్చి ముందు నాది. మంచి బీరువా ఒకటి చవకగా దొరుకుతుందని ఎవరో చెప్తే, సికింద్రాబాద్‌లో ఆదివారాలు జరిగే వేలానికి పోయాం. ఖాళీ చేసిన పెద్ద పెద్ద ఇళ్ల సామాను అక్కడికి వస్తుంది. దొరల కాలపు మ్యాపులు, పోలో కర్రలు, క్రికెట్ జట్ల ఫోటోలు, పింగాణీ. మా ఆయన ఒక పాత నైజాం మ్యాపు ముందు నిలబడి అందులో సిద్దిపేట ఎక్కడుందా అని వెతుకుతుంటే, నేను నీలం పువ్వుల పళ్లెం ఒకటి చేతిలోకి తీసుకుని బీరువా సంగతే మరిచిపోయాను. కొన్నేళ్లలో నా అల్మారా నిండింది.

అప్పుడు దిగింది స్వప్న. మొదట్లో నాకు తోడుగా వచ్చేది. తర్వాత తనూ చెయ్యి ఎత్తడం మొదలుపెట్టింది. ఏ కప్పు ఏ కాలందో నేను ఫోన్‌లో వెతికి, వాళ్లనూ వీళ్లనూ అడిగి నేర్చుకున్నాను. తనకు అవేవీ అక్కర్లేదు. వస్తువును వెనక్కి తిప్పి కూడా చూడదు. బాగుందనిపిస్తే చెయ్యి ఎత్తుతుంది, అవతలివాళ్లు ఆగిపోతారు. నేను ఎత్తితే మాత్రం ఎక్కడెక్కడి షావుకార్లకో పౌరుషం పుట్టుకొస్తుంది. ఇంటికొచ్చిన చుట్టాలు నా అల్మారా చూసి బాగుందని ఒక మాట అనేసి స్వప్న షోకేసు చూడటానికి పైకి పోయేవాళ్లు. ఇక దిగేవాళ్లు కాదు. నాకు కడుపు మండేది. దాచుకోవడం ఎందుకు, బాగా మండేది.

మా ఇళ్లలో గిన్నెలకు గుర్తు పెట్టుకోవడం మీకు తెలిసిందే. పెళ్లో బోనాలో వస్తే అవి నాలుగిళ్లు తిరుగుతాయి. స్టీలు వాటి మీద పేరు కొట్టిస్తాం. పింగాణీకీ గాజుకూ అడుగున గోళ్ల రంగుతో చుక్క పెడతాం. వేలంలో కొన్నవాటికీ నేను అదే చేశాను. అలా చేస్తే పాత వస్తువు విలువ పోతుందని తర్వాత తెలిసింది. అయినా మానలేదు. పైన ఒక షోకేసు, కింద ఒక అల్మారా ఉన్న ఇంట్లో ఏది ఎవరిదో తేలాలి కదా.

అందరూ ఎర్ర చుక్క పెడతారని నేను నీలం రంగు వాడేదాన్ని. మామిడి పిందె బొమ్మ, దాని కడుపులో మూడు చుక్కలు. నాది ఎడమచేతి వాటం కాబట్టి పిందె కొస ఎడమకు తిరుగుతుంది. పైగా చిన్నప్పుడు తలుపు సందులో పడి నా ఎడమ చూపుడువేలు వంకరపోయింది. దానివల్ల మూడో చుక్క ఎంత జాగ్రత్తగా పెట్టినా గీత దాటి బయట పడుతుంది. ఇలాంటి గుర్తు ఇంకెవరి వల్లా కాదని నాకు కాస్త గర్వంగానే ఉండేది.

ఆ వానాకాలం నాకు జ్వరమొచ్చి మోకాళ్లు వాచాయి. ఒక ఆదివారం వేలానికి పోలేకపోయాను. స్వప్న, మరిది పోయారు. సాయంత్రం వచ్చి మా హాల్లో అందరి ముందూ పేపర్ చుట్ట విప్పారు. పెద్ద కోలపళ్లెం. నీలం రంగులో ఏరు, వంతెన, ఒడ్డున ఆవులు. నేను ఎంతకాలంగానో వెతుకుతున్న రకం అది. ఎవరో ముసలి దొరసాని వదిలిపోయిన పెట్టెలో ఉందట. మేకులు కొట్టి ఉన్న ఆ పెట్టెను వేలం హాల్లోనే తెరిచారట.

బాగుందని నోటితో అన్నాను. ఎక్కడో ఒక పగులు ఉంటే బాగుండునని మనసులో అనుకున్నాను. దుమ్ముగా ఉంది, కడిగి తెస్తానని వంటింట్లోకి తీసుకుపోయాను. నల్లా కింద పట్టి వెలుతురుకు తిప్పి చూశాను. పగులు లేదు. వెనక్కి తిప్పాను. అడుగున నా గుర్తు ఉంది.

నీలం పిందె. ఎడమకు తిరిగిన కొస. లోపల రెండు చుక్కలు, బయట ఒకటి.

అప్పుడు నాకు భయం వేయలేదు. ఇది నాది అన్న మాట ఒక్కటే తలలో తిరిగింది. పళ్లెం పట్టుకుని హాల్లోకి వచ్చి, ఇది నాది, కావాలంటే గుర్తు చూడండని అన్నాను.

మా ఆయన వంటింటి కిటికీ వైపు చూశాడు. అక్కడ నా నీలం రంగు సీసా ఉంది. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. వాళ్ల ముఖాలు చూశాక నాకు అర్థమైంది, కడిగే వంకతో నేనే ఆ గుర్తు పెట్టి తెచ్చానని అనుకుంటున్నారు.

అత్తమ్మ మెల్లగా అంది. "గంత కుళ్లు మంచిది గాదు బిడ్డా. స్వప్న నీ చెల్లె అసొంటిది."

ఇప్పుడే పెట్టిన రంగైతే తుడిస్తే పోవాలి కదా అని, రంగు తీసే మందు తెచ్చి వాళ్ల ముందే రుద్దాను. చెక్కుచెదరలేదు. ఆరిపోయి ఉంటుందని మరిది అన్నాడు. ఆరినా ఈ మందుకు పోవాల్సిందే కదా అని నేనంటుండగానే పళ్లెం తీసుకుని పైకి పోయాడు.

ఆ వారమే పైన షోకేసుకు కొత్తగా తాళం పడింది. నా బిడ్డ కూడా నా పక్కన కూర్చుని, నువ్వే పెట్టావా మమ్మీ అని అడిగింది. పళ్లెం పోతే పోయింది, సొంత బిడ్డ ముందు దొంగలా నిలబడలేకపోయాను. మళ్లీ ఆదివారం పళ్లెంతో సహా అందరూ నాతో సికింద్రాబాద్ రావాల్సిందేనని పట్టుబట్టాను. మోకాళ్ల నొప్పితోనే బస్సెక్కాను.

వేలం హాల్లో పింగాణీకి ధర కట్టే పెద్దాయన ఒకాయన ఉంటాడు. భూతద్దం పెట్టి చూశాడు, వేలితో తడిమాడు, పిన్నుతో గీకాడు. తర్వాత తల ఎత్తాడు.

"ఇది మీదికెళ్లి పెట్టింది గాదమ్మా. గాజు పూత కింద ఉంది. పళ్లెం బట్టీల కాల్చక ముందే పెట్టిన్రు."

అంటే ఇంగ్లండ్‌లో, వందేళ్లకు ముందే. అక్కడి కార్ఖానాల్లో రంగులు వేసే ఆడవాళ్లు, ఎవరి పని ఎవరిదో తెలియడానికి అడుగున ఇలా చిన్న గుర్తు పెట్టుకునేవాళ్లని చెప్పాడు. నేను సంచిలోంచి నా గుర్తున్న కప్పు ఒకటి తీసి పళ్లెం పక్కన బోర్లించాను. ఆయన దాన్నీ దీన్నీ చాలాసేపు చూశాడు.

"రెండూ ఒక్క చెయ్యే" అన్నాడు. తర్వాత నా చూపుడువేలు చూశాడు. పళ్లెం స్వప్నకు ఇచ్చేశాడు.

ఇంటికొచ్చాక స్వప్న పళ్లెంతో కిందికి దిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీదే అక్కా. తీస్కో. నేను తప్పుగ అనుకున్న."

అన్నాళ్లూ నేను కోరుకున్నది అదే. అయినా చెయ్యి చాపలేకపోయాను. అది నా దగ్గర ఉంటే, ఆ గుర్తు నేను ఎప్పుడు పెట్టానో ఏదో ఒకరోజు గుర్తుకొస్తుందేమోనని భయం వేసింది. వద్దన్నాను.

ఇప్పుడు అది పైన షోకేసులో ఉంది, స్వప్న దాన్ని అడుగు భాగం కనబడేలా నిలబెట్టింది. చుట్టాలు దాన్ని చూడటానికే వస్తున్నారు. అత్తమ్మే దగ్గరుండి చూపిస్తుంది. కాకతాళీయం అంటాడు మా ఆయన. ఎడమచేతి వాటం, వంకర వేలు ఉన్న ఆడమనిషి ఆ దేశంలో ఒకతె ఉండకూడదా అంటాడు. ఉండొచ్చు. నేనూ అలాగే అనుకుందామని చూస్తాను, కుదరదు. అదేమిటో నాకు ఈరోజుకీ తెలియదు.

స్వప్న మీద మంట మాత్రం చల్లారింది. ఇప్పుడు నాకు ఆ తెలియని మనిషి మీద మంట. నా ఒక్కదానిదే అనుకున్న గుర్తు, నేను పుట్టకముందే పెట్టేసి పోయింది. పైకి పోయినప్పుడల్లా షోకేసు ముందు నిలబడి చూస్తాను. నిజం చెప్పాలంటే, ఆమె చెయ్యే నాకంటే బాగా తిరిగింది.