మా దొడ్డమ్మ ఎడమచెవి దుద్దు

మా దొడ్డమ్మ పోయింది. పోయిన నెల ఒక మధ్యాహ్నం, భోంచేసి చేయి కడుక్కుంటూ కుళాయి దగ్గరే కూలబడిపోయింది. పక్కవాటా వాళ్ళు ఫోన్ చేసి "దీదీ, జల్దీ ఆయియే", అక్కా తొందరగా రండి, అన్నారు తప్ప సంగతేమిటో చెప్పలేదు. మందిర్ హసౌద్‌లో నేను పాఠాలు చెప్పే బడి నుంచి గుఢియారీలో ఆమె ఇంటికి చేరేసరికి ఆమెను చాప మీద పడుకోబెట్టేశారు. ముదురు నీలం చీర, మగవాళ్ళ గళ్ళచొక్కా కత్తిరించి కుట్టుకున్న జాకెట్టు, ఎడమచెవికి ఎర్రరాళ్ళ దుద్దు, కుడిచెవికి నీలంపూస. పోయేరోజున కూడా మ్యాచింగ్ తప్పలేదు. సిగ్గులేకుండా నాకు ముందు ఆ మాటే తోచింది. ఏడుపు ఆ తరవాత వచ్చింది.

దొడ్డమ్మ అంటే అమ్మకి అక్క. మా శ్రీకాకుళం వైపు అలాగే అంటాం. అమ్మ ఆమెని 'అప్పా' అని పిలిచేది. రైలు ఉద్యోగాల వెంట రాయపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు మావి. పెళ్ళయిన ఆరేళ్ళకే పెదనాన్న పోతే, ఆయన బదులు దొడ్డమ్మకి రైల్వే ఆఫీసులో పని ఇచ్చారు. పిల్లల్లేరు. సెలవులొస్తే నా మకాం వాళ్ళింట్లోనే. మా అమ్మ చేతిలో దెబ్బలెక్కువ, దొడ్డమ్మ చేతిలో పెట్టుపోతలెక్కువ. ఏ పిల్లయినా ఎక్కడికి పరిగెడుతుందో మీకు తెలియనిది కాదు.

ఆమెకి పాతబట్టల పిచ్చి. కొత్తవి కొనుక్కోలేక కాదు, నెలనెలా జీతం అందుకునే మనిషి. కానీ ఆదివారం పొద్దున్నే సంచీ పట్టుకుని రైలుపట్టాల పక్కకి వెళ్ళేది. ఇంటింటికీ తిరిగి పాతబట్టలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్ళు, ఆ బట్టల్ని అక్కడ పరదాల మీద గుట్టలుగా పోసి అమ్మేవారు. దొడ్డమ్మ గుట్ట ముందు గొంతుక్కూచుని, కొంగుని వెలుతురుకి పట్టి చూసి, అంచు లాగి చూసి, చివరికి వాసన కూడా చూసి ఏరుకునేది. ఇంటికొచ్చాక సోడా వేసి ఉడుకునీళ్ళలో రెండుసార్లు జాడించి, ఒకచీర అంచు విప్పి ఇంకోచీరకి కుట్టేది. చలికాలమైతే చీర మీద మగవాళ్ళ గోధుమరంగు కోటు, చేతులు మడిచి. దాని జేబులో ఎప్పుడూ వేరుశెనక్కాయలుండేవి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని కాలనీలో నవ్వుకునేవారు. నవ్వుకున్నవాళ్ళే తమ ఆడపిల్లల జాకెట్లకి డిజైను చెప్పమని సాయంత్రం వచ్చేవారు.

"ఎవరివో ఏటో, పోయినోళ్ళవేమో కూడా. ఎలగ కట్టుకుంటావప్పా?" అని మా అమ్మ చీదరించుకునేది.

"పోయినోళ్ళే నయమే, మళ్ళీ అడగరు" అనేది దొడ్డమ్మ. "కొత్తచీర కొట్టువాడు చెప్పినట్టు వింటాది. పాతచీర నేను చెప్పినట్టు వింటాది."

మొగుడు పోయిన మనిషికి ఈ రంగులూ ఈ పూసలూ ఏమిటని మొహమ్మీదే అన్నవాళ్ళున్నారు. "పోయింది ఆయన. నా కళ్ళు పోలేదు కదేటి?" అని నవ్వేసేది. ఆ నవ్వు వెనక ఎంత ఉందో అప్పుడు నాకు తెలీదు. ఆఫీసు నుంచి వచ్చి, తాళం తీసి, లోపలికి వెళ్ళకుండా గుమ్మంలోనే కాసేపు నిలబడిపోయేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఒక పెళ్ళి గుర్తొస్తుంది. వంకాయరంగు పట్టుచీరకి పసుపు అంచు వేసుకుని దొడ్డమ్మ ధగధగలాడుతూ వచ్చింది. బంతిలో ఎదురుగా కూచున్న ఒకావిడ కళ్ళు చిట్లించి చూసి, అందరికీ వినపడేలా "అరే, ఈ చీర నాదే! బిందెకి వేసీసేను!" అంది. నేను తలెత్తలేదు. దొడ్డమ్మ మాత్రం నింపాదిగా అప్పడం విరుచుకుంటూ, "మంచిపని చేసేవమ్మా. బిందె ఎలగున్నాది? కారట్లేదు కదా?" అంది. బంతి బంతంతా నవ్వింది, ఆ చీర ఇచ్చినావిడతో సహా.

ఇక ఆ దుద్దు సంగతి. ఇది చెప్పడానికే రాస్తున్నాను, ఇంతసేపూ చుట్టూ తిరిగాను.

అమ్మమ్మ పోయినప్పుడు మిగిలిన నగల్లో చెప్పుకోదగ్గవి ఎర్రరాళ్ళ బంగారు దుద్దులు. నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని అక్కచెల్లెళ్ళిద్దరూ ఏడ్చారు. కరిగించి చెరో ఉంగరం చేయించుకోమన్నారెవరో. "కరిగిస్తే బంగారం మిగుల్తాది. అమ్మ మిగలదు" అని దొడ్డమ్మ జతని విడదీసి, ఒకటి మా అమ్మ చేతిలో పెట్టింది, రెండోది అక్కడికక్కడే తన ఎడమచెవికి పెట్టేసుకుంది. మర్నాటి నుంచి కుడిచెవికి ఏ చీరకి తగ్గ పూస ఆ చీరకి. 'ఒక చెవి అత్తగారు, ఒక చెవి కోడలు' అని వెక్కిరించేవారు. మా అమ్మ తన దుద్దుని పసుపుడబ్బాలో పెట్టి బీరువాలో దాచింది. ఏడాదికోసారి, అమ్మమ్మ పోయిన తిథినాడు తీసి, ఫోటో ముందు పెట్టి దణ్ణం పెట్టుకునేది.

రాయపూర్ రాజధానిగా మా రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. నేను కాలేజీలో ఉన్నాను. తిల్దాలో స్నేహితురాలి పెళ్ళికి వెళ్తూ, అమ్మకి చెప్పకుండా ఆ డబ్బాలోని దుద్దు తీసి, గొలుసుకి బిళ్ళలా వేలాడదీసుకున్నాను. దొడ్డమ్మ పెంపకం కదా, నాకూ స్టైలు కావాలి! తిల్దా ప్లాట్‌ఫారం మీద దిగి మెడ తడుముకుంటే గొలుసుంది, దుద్దు లేదు. వచ్చిన రైలు వెళ్ళిపోయింది. పట్టాల మీదకి దిగి కంకరలో వెతికాను. పెళ్ళి భోజనం నోట్లోకి పోలేదు.

తిథి ఇంకో పదిహేను రోజుల్లో ఉంది. గుఢియారీలో మా వైపు నుంచి వచ్చిన కంసాలి ఒకాయన ఉన్నాడు. బంగారానికి నా దగ్గరేముంది? వెండిలో చేసి బంగారు పూత వేస్తానన్నాడు, కానీ చూసి చెయ్యడానికి రెండోది కావాలన్నాడు. అమ్మమ్మ పోయినప్పటి నుంచి స్నానానికి కూడా చెవి నుంచి తియ్యని ఆ దుద్దుని, "దొడ్డమ్మా, కాలేజీలో ఫంక్షనుంది, నాలుగురోజులు ఇయ్యవా" అని అడిగాను. ఒక్కదాన్ని ఏం చేసుకుంటావని కూడా అడగలేదు. శీల తిప్పి తీసి నా చేతిలో పెట్టి, కంత పూడుకోకుండా చీపురుపుల్ల ముక్క గుచ్చుకుంది. ఆ పుల్లతోనే నాలుగు రోజులు ఆఫీసుకి వెళ్ళింది.

కంసాలి రెండూ ఇచ్చాడు. ఇప్పుడు వినండి నేను చేసిన ఘనకార్యం. అమ్మ అయితే ఫోటో ముందు కూచుని కళ్ళు పెట్టుకుని చూస్తుంది, దొరికిపోతాను. దొడ్డమ్మ చెవికి పెట్టుకుంటుంది, సొంత చెవిలోది ఎవరు చూసుకుంటారు? అసలుది తీసుకెళ్ళి అమ్మ డబ్బాలో పెట్టాను. వెండిది దొడ్డమ్మకి ఇచ్చాను. కొట్టే చేతికి భయపడి పెట్టే చేతిని మోసం చేశాను. ఇందులో ఇంతకంటే చెప్పుకోడానికేం లేదు.

దొడ్డమ్మ దాన్ని అరచేతిలో వేసుకుని, ఒకసారి చెయ్యి పైకీ కిందికీ ఆడించింది.

"ఏటే, కడిగించేవా?"

"అవును దొడ్డమ్మా. మెరుగు పెట్టించాను."

"బాగున్నాది" అంది. పుల్ల తీసేసి దుద్దు పెట్టుకుని, "చాయ్ పెట్టనా?" అని వంటింట్లోకి వెళ్ళింది.

ఆ తరవాత ఇరవయ్యేళ్ళ పైమాటే. ఏదైనా ఆలోచిస్తున్నప్పుడు రెండువేళ్ళతో ఆ దుద్దు తడుముకోవడం ఆమెకి అలవాటు. ఆమె తడుముకున్నప్పుడల్లా గుమ్మడికాయల దొంగలా నేను భుజాలు తడుముకునేదాన్ని. చెప్పేద్దామని ఎన్నోసార్లు వెళ్ళాను. ఉద్యోగం వచ్చినప్పుడు ఒకసారి. ఆమె కంటికి ఆపరేషన్ అయినప్పుడు పక్కన పడుకున్నాను, అప్పుడొకసారి. "ఏటే, ఏదో చెప్పాలని వచ్చేవు?" అనేది. "ఏం లేదు దొడ్డమ్మా" అనేదాన్ని. "ఏం లేకపోతే ఇంకా మంచిది, భోంచెయ్యి" అనేది.

చాప దగ్గర మా అమ్మే శీల తిప్పి ఆ దుద్దు తీసింది. కొంగుతో తుడిచి ముడివేసుకుంది. నేను గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను.

బట్టలు నదిలో వదలడం మావాళ్ళ ఆనవాయితీ. "నావి నీళ్ళపాలు చెయ్యకండి, ఎక్కడివక్కడికే పంపించీయండి" అని దొడ్డమ్మ ఎప్పుడో అమ్మతో అందట. రెండు మూటలు కట్టి ఆదివారం పట్టాల దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. పరదా ముందు కూచున్న ముసలామె మూట విప్పుతూనే ఆగిపోయింది. "ఏ హ దీదీ కే లుగా ఆయ్" అంది, ఇది దీదీ చీర కదా అని. నేను తలూపాను. ఆమె ఒక్క ముక్క కూడా గుట్టలో కలపలేదు. అన్నీ మడతపెట్టి, కోటుతో సహా, పక్కన విడిగా పేర్చుకుంది. ఎవరో వచ్చి ఆ వంకాయరంగు చీర ఎంతని అడిగితే, ఈరోజు కాదు అంది.

పెద్దకర్మ దగ్గర పడింది. అమ్మ రెండు దుద్దులూ నా ముందు పెట్టింది. "చూసేవా, అప్పది ఎలగ మెరుస్తన్నాదో! రోజూ మనిషి వంటిమీద ఉన్నాది కదా. నాది డబ్బాలో పడి మాసిపోనాది. కడిగించి తే. ఇన్నాళ్ళకి జత కలిసింది, నీ చెవులకి పెడతాను" అంది.

ఆ కంసాలి దగ్గరికే వెళ్ళాను. ముసలివాడైపోయాడు, కొడుకు చేత పని చేయిస్తున్నాడు. వెండిదాన్ని చూడగానే గుర్తుపట్టాడు.

"ఇదేటమ్మా, మళ్ళీ వచ్చింది? మొన్న దసరాకే కదా పూత వేయించుకెళ్ళేరు ఆవిడ. ఒంట్లో బాగోలేదేటి?"

పోయిందని చెప్పాను. వెండి మీద పూత ఇరవయ్యేళ్ళు ఎలా నిలిచిందని నా బుర్రకి ఒక్కరోజైనా తట్టలేదు చూడండి, పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని.

"ఏటేటా వచ్చీవారమ్మా" అన్నాడాయన. "తీసిచ్చీసి, చెవిలో పుల్ల పెట్టుకుని, ఇదిగో ఈ బల్ల మీదే కూకునీవారు, అయ్యేదాకా. ఓపాలి నేనే అడిగేను, ఎందుకమ్మా ఏటేటా ఈ తిప్పలు, వదిలీండి అని. 'పూత పోతే పిల్ల చూస్తాది బాబూ. చూస్తే సిగ్గుపడి నా గడప తొక్కడం మానేస్తాది. నాకున్నది అదొక్కర్తే' అన్నారు."

ఆ బల్ల మీదే కూచుని ఏడ్చాను. ఆయన కొడుకు మంచినీళ్ళిచ్చాడు. దుద్దులు కడగొద్దని చెప్పి, రెండూ అలాగే పట్టుకొచ్చేశాను.

సాయంత్రం అమ్మకి అంతా చెప్పాను. తిల్దా రైలు, కంసాలి, డబ్బా, దసరా పూతలు, ఒక్కటీ దాచలేదు. కొడుతుందనుకున్నాను. నలభై దాటినదాన్నయినా ఆవిడ కొడితే బాగుండునని ఉంది. అమ్మ ఒక్కటే అడిగింది.

"అప్పకి తెలుసా?"

"మొదటిరోజు నుంచీ."

అమ్మ రెండు దుద్దులూ రెండు అరచేతుల్లో వేసుకుని చాలాసేపు చూసింది. తరవాత బంగారందాన్ని నా చేతిలో పడేసింది. "ఇది నువ్వే ఉంచుకో. నేను అడగను, నువ్వు నాకు చూపించకు" అంది.

నాన్న పోయినప్పుడు అమ్మ చెవులవీ ముక్కుదీ అన్నీ తీసేసింది. పెట్టుకోవే పెట్టుకోవే అని అప్పుడు దొడ్డమ్మ ఎంత బతిమాలినా వినలేదు. చెవి కంతలు సగం పూడుకుపోయాయి. ఇప్పుడు ఆ వెండిదాన్ని తీసుకుని, అద్దమైనా లేకుండా, ఎడమచెవిలోకి గుచ్చుకోసాగింది. కాడ దిగలేదు. పళ్ళు బిగించి నొక్కింది. రక్తం కారి మెడ మీదకి వచ్చింది.

"అమ్మా, రక్తమే! తియ్యమ్మా, నేను పెడతాను" అని చెయ్యి వెయ్యబోయాను.

నా చెయ్యి తోసేసింది. వెనక శీల తనే తిప్పుకుంటూ కూచుంది. నెత్తుటికి వేళ్ళు జారిపోతున్నాయి, శీల ఎంతకీ ఎక్కడం లేదు.