తాతయ్య ఊదిన ముద్ద

రేపల్లె హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే సుందరమ్మ మాట బళ్లో పిల్లలు వినేవారు, ఇంట్లో ఎవరూ వినేవారు కాదు.

మావగారు ఏసుపాదం చెరుకుపల్లిలో కూలికెళ్లి బతికిన మనిషి. క్షయకి మాత్రలు మొదలుపెట్టడం, దగ్గు తగ్గగానే మానేయడం, ఏళ్ల తరబడి అదే వరస. ఆయన కొడుకింట్లో చేరాక, 1996లో, సుందరమ్మ పట్టుబట్టి గళ్ల పరీక్ష చేయించింది. ముఖ్యమైన రెండు మందులూ ఆ క్రిములని చంపలేవని తేలింది.

ఆ ఇంట్లో ప్రార్థన ముగిసి ఆమెన్ అనగానే, మొదటి ముద్ద తాతయ్యే ఊది చల్లార్చి రెండేళ్ల మనవరాలి నోట్లో పెట్టాలి. సుందరమ్మకి ముద్దంటే భయం లేదు, ఆ ఊపిరంటేనే భయం.

పాపని తెనాలి తీసుకెళ్లింది. డాక్టరు ముందుజాగ్రత్తకని మాత్ర రాశాడు. పేరు చూడగానే ఆమె ఒళ్లు మండింది.

"ఇది మా మావగారికి పనిచేయని మందేనండి. ఆ క్రిమే పాపకి అంటితే ఇదేం ఆపుతుంది?"

"ఇంట్లో క్షయ ఉంటే పిల్లలందరికీ ఇదేనమ్మా. పాఠాలు బళ్లో చెప్పుకోండి."

చీటీ అక్కడే వదిలేసి బాపట్ల బస్సెక్కింది. అక్కడి ఊపిరితిత్తుల డాక్టరు మాత్రం దాచలేదు. "ఇలాంటి క్రిమి రాకుండా ఆపుతుందని నమ్మకంగా ఇవ్వగల మందు నా దగ్గర లేదమ్మా. పెద్దాయన్ని దూరంగా పడుకోబెట్టండి, వేరే మందులు మొదలుపెడదాం. పాపని రెండేళ్లు కనిపెట్టుకుని ఉండండి. దగ్గొచ్చినా, బరువు తగ్గినా వెంటనే తీసుకురండి."

మందు లేదన్నందుకు కాదు, పనిచేసే మందుని మావగారు చేజేతులా పాడుచేసినందుకు దారి పొడుగునా పళ్లు కొరుక్కుంది.

ఇంటికొచ్చాక, భోజనాల వేళ ఆమెన్ అనగానే తాతయ్య ముద్ద ఊదసాగాడు. పాపని లాగేసుకుంది.

"ముసలాడి చేతి ముద్ద చేదైందా? చదువుకున్నదానివిగా!" అంది అత్తగారు పున్నమ్మ.

"మాత్రలు మానింది ఆయన, తిట్లు నాకా అత్తయ్యా?"

"తగ్గిపోయిందనుకున్నానమ్మా," అన్నాడు ఏసుపాదం, ముద్ద చేతిలో పట్టుకునే.

"దగ్గు తగ్గింది మావయ్యా. క్రిమి చావలేదు!"

ఆ పూటే ఆయన మంచం వసారాలోకి వెళ్లింది. చర్చిలో ఆడవాళ్లు రాతిగుండె అన్నారు. అననీ అనుకుంది.

ఆమెన్ అనగానే పాప మాత్రం వసారా వైపు తిరిగి నోరు తెరిచేది. సుందరమ్మ ఆ మొహాన్ని ఇటు తిప్పి, తనే ముద్ద పెట్టేది. కోపం అప్పటికీ తగ్గేది కాదు.