మెట్ల మీద రాస్తారోకో

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో నేను గచ్చిబౌలిలో ఒక డే కేర్ నడిపేదాన్ని. మాది కడప. పెళ్ళయి హైదరాబాద్ వచ్చాక మూడు ఉద్యోగాలు చేశాను. మూడు చోట్లా మేనేజర్లతో పడలేదు. మనుషుల్ని ఎదగకముందే పట్టుకుంటే మేలనిపించి పిల్లల వైపు వచ్చాను. కంపెనీ బస్సులు ఆగే చోటికి దగ్గర్లో ఒక డాబా ఇల్లు కిరాయికి తీసుకుని, గేటు మీద 'పిల్లలందరికీ స్వాగతం' అని బోర్డు రాయించాను. బోర్డు మీది పిల్లలు ఒకరి చేయి ఒకరు పట్టుకుని నవ్వుతుంటారు. లోపలున్న ఇరవై మందిలో చేతులు పట్టుకునేవాళ్ళు తక్కువ, జుట్టు పట్టుకునేవాళ్ళు ఎక్కువ.

అన్ని జిల్లాల పిల్లలూ ఉండేవారు. సాయంత్రం గేటు దగ్గర తల్లిదండ్రులు రాష్ట్రం విడిపోవాలా వద్దా అని వాదించుకునేవారు. లోపల పిల్లలు అంతకంటే పెద్ద తగువు, ఎర్ర సైకిలు ఎవరిదన్నది, తేల్చుకునేవారు. నాకు తోడుగా నార్సింగి నుంచి ఒక ఆయమ్మ వచ్చేది. నాకంటే పదేళ్ళు పెద్దది. ఆదివారం ధర్నాకు వెళ్ళి, సోమవారం గొంతు పోగొట్టుకుని వచ్చేది. రాష్ట్రం సంగతి మేమిద్దరం ఎత్తేవాళ్ళం కాదు. ఎత్తితే ఇరవై మందికి అన్నం ఎవరు పెడతారు?

ఒక జూన్‌లో నాలుగేళ్ళ పాప ఒకతె చేరింది. రెండు కాళ్ళకూ మోకాళ్ళ దాకా ప్లాస్టిక్ బ్రేసులు, చేతుల్లో చిన్న వాకర్. తల్లి కాకినాడ అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అంతకుముందు మూడు చోట్ల సీట్లు లేవన్నారట.

"మీ బోర్డు చూసి వచ్చానండి," అంది.

బోర్డు రాయించినప్పుడు దాన్ని ఎవరైనా చదువుతారని నేను అనుకోలేదు. చేర్చుకున్నాను. ఓ వారం పాటు అద్దంలో నన్ను చూసుకుంటే నాకే గౌరవం కలిగేది.

చిక్కేమిటంటే ఆటగది మేడ మీద ఉంది. పద్దెనిమిది మెట్లు. సాయంత్రం నాలుగుకు అందరూ పైకి పోతే, పాపను మాత్రం కింద నా టేబులు పక్కన క్రేయాన్లు ఇచ్చి కూర్చోబెట్టుకునేదాన్ని. దాన్ని ప్రేమ అనుకున్నాను. నిజానికి అది, పడితే ఎవరికి జవాబు చెప్పుకోవాలోనన్న భయం.

"పైన ఏముంది మిస్?" అని రోజూ అడిగేది.

"ఏమీ లేదు, పాత సామాను," అనేదాన్ని. సరిగ్గా అప్పుడే పైన జారుడుబల్ల మీంచి ఎవడో దభీమని పడేవాడు.

లింగంపల్లి నుంచి నాలుగున్నరేళ్ళ పిల్లవాడొకడు వచ్చేవాడు. వాళ్ళ నాన్న వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని సభలకు తిప్పేవాడు. వాడికి ఏబీసీడీలు సగంలో ఆగిపోయేవి కానీ, నినాదాలు మాత్రం ఒక్కటీ తప్పేవి కావు. ఒక మధ్యాహ్నం వాడు, ఆ పాప పైకి ఎందుకు రాదని అడిగాడు. మెట్లెక్కలేదని చెప్పాను. "అయితే మేం గుడ ఎక్కం," అన్నాడు.

నాలుగు గంటలకు చూస్తే పదకొండు మంది మెట్ల నిండా కూర్చుని ఉన్నారు. సగం మందికి ఎందుకు కూర్చున్నారో తెలియదు. ఒక పిల్లయితే చెప్పులు తొడుక్కోవడానికి కూర్చుని ఇరుక్కుపోయింది. లింగంపల్లి వాడు పిడికిలెత్తి "జై జారుడుబల్ల" అన్నాడు. మిగతావాళ్ళు అందుకున్నారు. బిస్కెట్లు పంచాను. తీసుకున్నారు, తిన్నారు, లేవలేదు.

ఆయమ్మ కొంగు నడుముకు దోపుకుని తీరిగ్గా చూస్తోంది.

"లేపు అక్కా వాళ్ళను," అన్నాను.

"నేను లేప మేడం. బలిమిల గుంజుకపోతే రేపు ఇంకింతమంది కూసుంటరు. గది నాకు ఎర్కే."

"మరి ఏం చేయమంటావు?"

"మాట్లాడుండ్రి. లేకుంటే కమిటీ ఏస్తమని చెప్పుండ్రి. నాలుగేండ్లోళ్ళు గద, నమ్ముతరేమో."

కింది మెట్టు మీద కూర్చుని నాయకుణ్ణి అడిగాను. "ఏం కావల్ల నాయనా నీకు?"

"ఆమె పైకి రావాలె."

"పడితే?"

"నేను రోజు పడుత. నన్నెందుకు పంపుతున్నవ్?"

ముందురోజే వాడి పెదవి చిట్లింది. ఈలోగా పాప వాకర్ తోసుకుంటూ వచ్చి, దాన్ని గోడకు ఆనించి, నాతో "జరుగు మిస్" అని నా పక్కన కూర్చుంది. నేను వాళ్ళతో కలిసి నా మీదే ధర్నా చేస్తున్నట్టయింది.

ఆయమ్మే దారి చెప్పింది. "పిల్లను పైకెందుకు మోసుడు? ఆటరూమునే కిందికి తెస్తే అయిపాయె."

"కింద నా ఆఫీసు ఉంది కదక్కా."

"మీ కాళ్ళు మంచిగనే ఉన్నయి గద మేడం."

ఆ శనివారం గదులు మార్చాం. జారుడుబల్ల మెట్ల మలుపులో ఇరుక్కుంటే, దాన్ని విడిపించే పనిలో నాకు తెలిసిన కడప తిట్లన్నీ వాడాను. నా టేబులు పైకి పోయింది. గేటు బెల్లు మోగినప్పుడల్లా దిగి ఎక్కి, నెల తిరిగేసరికి నా చీరలన్నీ వదులయ్యాయి.

పాపకు కాళ్ళలో లేని బలం చేతుల్లో ఉంది. రెండు వైపులా కడ్డీలు పట్టుకుని జారుడుబల్ల తానే ఎక్కేది. నిదానంగా ఎక్కేది. మూడో రోజు లింగంపల్లి వాడు వెనక నుంచి "జల్ది నడు" అని తోశాడు. పాప వెనక్కి తిరిగి, తన కోసం ఉద్యమం నడిపిన నాయకుడి చేయి కొరికింది. పళ్ళ పై వరసా కింది వరసా విడివిడిగా అచ్చు పడ్డాయి.

సాయంత్రం వాళ్ళమ్మతో చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది.

"తీసేస్తారాండి?"

"కరిచినోళ్ళనంతా తీసేస్తే నా దగ్గర ముగ్గురు మిగులుతారమ్మా. రేపు సారీ చెప్పించు. ఎవరికైనా ఇదే చెప్తాను."

"అసలెందుకు కరిచిందండి?"

"జారుడుబల్ల ఎక్కుతుంటే వెనక నుంచి తోసినాడు."

"ఎక్కిందాండి? దానంతటదే?"

"రోజుకు ఇరవై సార్లు ఎక్కుతుంది."

ఆమె చెప్పుల స్టాండు పక్కన బల్ల మీద కూర్చుండిపోయింది. "ఇప్పటిదాకా దాని మీద ఎవరూ కంప్లయింట్ చెప్పలేదండి. పాపం అనేవారంతే," అంది. తర్వాత కూతుర్ని పిలిచి, తిట్టడానికి వేలు పైకెత్తింది. "అలా కరవచ్చా?" అంది గానీ, వచ్చే నవ్వును ఎక్కడ దాచుకోవాలో ఆమెకు తెలియలేదు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. పాప తల్లిని వింతగా చూసింది.

ఆయమ్మ పాప బ్యాగు తెచ్చి ఇస్తూ, "జర గట్టిగ తిట్టుండ్రి అమ్మా," అంది. "గిట్ల తిడితే రేపు నన్ను గుడ కరుస్తది."