ఉప్పునీటి ట్యాంకులో చప్పుడు

2023 ఎండాకాలం. మేడ్చల్ హైవే మీద నా అక్వేరియం షాపులో ఎక్కువగా అమ్ముడుపోయేవి మంచినీటి చేపలే. ఉప్పునీళ్లలో పగడాలతో పెంచే రీఫ్ ట్యాంకు కావాలని వచ్చేవాళ్లు బాగా తక్కువ. వాళ్లలోనూ సగం మంది నేను చెప్పే జాగ్రత్తలు విని, గోల్డ్ ఫిష్ జంటను పట్టుకుని వెళ్లిపోతారు. స్వరూప అలా వెళ్లిపోలేదు.

ఆమె ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. ఇల్లు పేట్ బషీరాబాద్‌లో. అండమాన్‌లో అడుగున అద్దం ఉన్న పడవలో కూర్చుని పగడాలను చూసి వచ్చింది. అప్పటినుంచి మనసు అక్కడే ఉండిపోయిందట.

"లతక్కా, గసుంటిది చిన్నగనైనా మా ఇంట్ల పెట్టుకోవచ్చునా?" అని అడిగింది.

"పెట్టుకోవచ్చు. కని ఆ నీళ్లు మనమే తయారు జెయ్యాలె. ఎండ మనమే తయారు జెయ్యాలె. అలలు గూడ మనమే."

"చెయ్యనీకె నేనున్న గద" అంది.

ట్యాంకు అమ్మే ముందు ఇల్లు చూడటం నా పద్ధతి. రెండడుగుల ట్యాంకయినా నీళ్లు, రాళ్లు, స్టాండు కలిపితే ఇద్దరు మనుషుల బరువు దాటుతుంది. నేరుగా ఎండ పడకూడదు, ప్లగ్ పాయింట్లు దగ్గరుండాలి, నేల సమంగా ఉండాలి. వాళ్ల హాల్లో ఇవన్నీ కుదిరే గోడ ఒక్కటే. ఆ గోడ పక్కన స్వరూప వాళ్ల నాయన దావీదు గారి మంచం ఉంది.

ఆయన వయసు డెబ్బై దాటింది. గ్లకోమాతో, అదే నీటికాసుల జబ్బుతో, చూపు పోయింది. వెలుతురు, చీకటి తేడా తెలుస్తుంది, అంతే. అయినా ఆదివారం చర్చిలో పాటలకు డోలక్ ఆయనదే. కూతురు, అల్లుడు పొద్దున్నే డ్యూటీలకు వెళ్లిపోతే సాయంత్రం దాకా ఇంట్లో ఆయనొక్కడే.

మంచం ఎదురుగోడకు జరపాలని చెబితే, "జరుపుండ్రి బిడ్డా, నాకు ఏ గోడైతేంది" అన్నాడు. మళ్లీ, "మీరు సూస్తరు. నేనేం జెయ్యాలె దానితోని?" అని నవ్వాడు. స్వరూప ముఖం చిన్నబోయింది. నేను టేపు పట్టుకుని కొలతలు తీసుకుంటూ ఉండిపోయాను.

మొదటి పని నీళ్లు. మా వైపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, పగడాలు తట్టుకోలేవు. అందుకని ఆర్ఓ తర్వాత ఇంకో గొట్టంలో రెజిన్ నింపిన డీఐ ఫిల్టర్ పెట్టాం. మిగిలిన లవణాలను అది పట్టేస్తుంది. ఆ శుద్ధమైన నీళ్లలో సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపి, ఉప్పు శాతం చూపించే రిఫ్రాక్టోమీటర్‌తో సరిచూసుకోవాలి. అలల కోసం వేవ్ మేకర్ అనే చిన్న పంపు. ఎండ కోసం నీలి కాంతి ఎక్కువగా ఉండే ఎల్ఈడీ. మన మే నెల ఎండలకు నీళ్లు వేడెక్కి పగడాలు రంగు పోయి తెల్లబడతాయి కాబట్టి, నీళ్లను చల్లబరిచే చిల్లర్ తప్పదు. కరెంటు పోతే చిల్లర్ ఆగినా ఫరవాలేదు, వేవ్ మేకర్ ఆగకూడదు. నీళ్లు కదలకపోతే చేపలకు ఊపిరాడదు. దాన్ని ఇన్వర్టర్‌కు కలిపాం.

ఇక రాళ్లు. మన సముద్రంలోంచి పగడాలు తీయడం చట్టప్రకారం నేరం, పగడపు రాళ్లయినా అంతే. నేను సిరామిక్ రాళ్లే వాడతాను. శామీర్‌పేటలో ఒకాయన తన పెద్ద రీఫ్ ట్యాంకు తీసేస్తున్నాడని తెలిసి, ఏళ్ల తరబడి అందులో నానిన సిరామిక్ రాళ్లను బకెట్లలో తెచ్చాం. అలాంటి రాళ్ల రంధ్రాల్లో మంచి బ్యాక్టీరియా స్థిరపడి ఉంటుంది. చేపల వ్యర్థాల్లోంచి పుట్టే అమ్మోనియా విషాన్ని అదే విరగ్గొడుతుంది. ట్యాంకులో ఆ బ్యాక్టీరియా కుదురుకునేదాకా చేపలు వేయకుండా ఆగడాన్ని సైక్లింగ్ అంటాం. చాలామందికి ఈ ఎదురుచూపే కష్టం. స్వరూపకు మాత్రం అదే పండగ. టెస్ట్ కిట్‌లో చుక్కలు వేయడం, రంగు చూడటం, నాకు ఫొటో పంపడం.

అమ్మోనియా పూర్తిగా పోయాక, ట్యాంకుల్లోనే పుట్టి పెరిగిన క్లౌన్ ఫిష్ జంటను వేశాం. తర్వాత ఫారాల్లో పెంచిన మెత్తటి పగడాల ముక్కలు, కాగితాలు సరిగ్గా ఉన్నవి, నాలుగు అతికించాం. నీలి వెలుతుర్లో అవి ఆకుపచ్చగా మెరుస్తుంటే స్వరూప ట్యాంకు ముందే నేల మీద కూర్చుండిపోయింది.

కొన్ని వారాలకు ఆమె ఫోన్. 

"అక్కా, బాపు రోజూ ట్యాంకుల ఏదో కొడ్తాందంటున్నడు. టక్కుమని. మాకెవ్వరికీ ఇనవడ్తలేదు."

నాకు మొదట అద్దం మీదే అనుమానం వచ్చింది. అద్దం బీట వారేముందు అలాంటి చప్పుడు రావచ్చు. ఆ సాయంత్రమే వెళ్లి సిలికాన్ అతుకులు, స్టాండు లెవెల్, పంపు అన్నీ చూశాను. ఎక్కడా లోపం లేదు. మేమున్నంతసేపూ చప్పుడూ లేదు.

గేటు దాకా వచ్చి స్వరూప మెల్లగా చెప్పింది. చూపు పోయిన పెద్దవాళ్లకు ఒక్కోసారి లేనివి వినిపిస్తాయని ఆసుపత్రిలో ఎవరో అన్నారట. మతి తప్పడానికి మొదలు కావచ్చని కూడా అన్నారట. డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుంది.

"ఆ మాట బాపు ఇన్నడక్కా. అప్పట్నించి చప్పుడు ముచ్చటే తీస్తలేడు. మొన్న ఐతారం చర్చికి గూడ రాలే. డోలక్‌కు బట్ట కప్పి పెట్టిండు."

ఆ మాటే నన్ను మళ్లీ ఆ ఇంటికి లాక్కెళ్లింది. ఇంట్లో ఇంకెవరూ లేని సమయం చూసుకుని మధ్యాహ్నం పూట వెళ్లాను. తలుపు ఆయనే తీశాడు.

"పెద్దనాయినా, ఆ చప్పుడు ఇంకా వస్తాందా?"

 మంచం అంచు తడుముకుని కూర్చున్నాడు. "వస్తలేదంటే అందరు నిమ్మళంగ ఉంటరు" అన్నాడు.

"నాకు నిమ్మళం వద్దు. ఉన్నదున్నట్టు చెప్పు."

"వస్తాంది బిడ్డా. ఒక్కటే దెబ్బ. తాళం లేదు, లెక్క లేదు. నలభై ఏండ్లు డోలక్ కొట్టినోన్ని, దెబ్బంటే నాకు తెల్వదా? కని నా చెవులనే నేను నమ్మకపోతే, ఇగ నాకేం మిగిలింది జెప్పు. చర్చిల పాట నడుస్తుంటే లేని దెబ్బ ఇనవడి, చెయ్యి తప్పితే ఎట్ల?"

 ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చిల్లర్ గుర్రుమంటోంది. వెనకింటి కూలర్, వంటింట్లో ఫ్రిజ్, బయట ఆటోల రొద. అంతలో కరెంటు పోయింది. చిల్లర్, ఫ్రిజ్, కూలర్ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇన్వర్టర్ మీద ఫ్యాన్, వేవ్ మేకర్ మాత్రం తిరుగుతున్నాయి.

"గా ఫ్యాన్ గూడ బంద్ జెయ్యి. మాట్లాడకు. కాలు కదపకు" అన్నాడాయన.

ఫ్యాన్ ఆపేశాను. వేవ్ మేకర్ సన్నటి హోరు తప్ప ఏమీ లేదు. చెమటలు కారుతున్నాయి. లేచి వెళ్లిపోదామా అనుకుంటుండగా, ట్యాంకు ఎడమ మూల నుంచి వినబడింది: టక్. అద్దం మీద నాణెంతో కొట్టినట్టు.

ఆయన నా వైపు తల తిప్పాడు. "ఇన్నవా?"

"ఇన్న పెద్దనాయినా."

 ఆయన అరచేతులతో ముఖం మూసుకున్నాడు.

స్వరూపకు ఫోన్ చేస్తే డ్యూటీ మధ్యలోనే వచ్చేసింది. పరదాలు మూసేసి, ట్యాంకు లైటు ఆపి, టార్చికి ఎర్ర కాగితం చుట్టాను. చాలా సముద్ర ప్రాణులు ఎర్ర వెలుగును పట్టించుకోవు. ఎడమ మూల రాయి కింద చిన్న రొయ్య ముక్క పెట్టి చూస్తూ కూర్చున్నాం. ముందు రెండు పొడవాటి మీసాలు వచ్చాయి. తర్వాత ఒక పంజా. ఒళ్లు వేలెడు లేదు, పంజా మాత్రం బొటనవేలి గోరంత లావు. ఎర్ర కాగితం తీసి ఒక్క క్షణం టార్చి వేస్తే దాని రంగు కనబడింది, వెంటనే లోపలికి దూరింది.

అది పిస్టల్ ష్రింప్ అనే రొయ్య. పంజాను ఎంత వేగంగా మూస్తుందంటే నీళ్లలో ఒక బుడగ పుట్టి పగులుతుంది. ఆ చప్పుడుతోనే శత్రువును బెదిరిస్తుంది, చిన్న ప్రాణులను పడగొడుతుంది. మనుషుల అలికిడి తగిలితే బొరియలో ముడుచుకుంటుంది. పగలంతా ఇంట్లో కదలకుండా కూర్చునే మనిషి ఒక్కడే కాబట్టి, అది ఆయనకే వినిపించింది.

స్వరూప వెళ్లి మంచం దగ్గర నేల మీద కూర్చుంది. "బాపూ, ఉన్నది. నేను కండ్లార జూసిన" అంది. 

ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు. "ఏ రంగున్నది?" అని అడిగాడు.

"గోధుమరంగు. మీసాలు ఎర్రగున్నయి."

శామీర్‌పేట ఆయనకు ఫోన్ చేశాను. ఎప్పుడో ఒకటి కొన్నాడట, కనపడకపోయేసరికి చచ్చిపోయిందనుకున్నాడట. రాయి రంధ్రంలో దాక్కుని మా బకెట్‌లో వచ్చింది.

దాన్ని ఉచ్చుపెట్టి తీసేయొచ్చు. పగడాలకు హాని చేయదు, చిన్న చేపలతో మాత్రం ఎప్పుడైనా పేచీ రావచ్చు. ఏం చేద్దామని అడిగితే స్వరూప తండ్రి వైపు చూసింది.

"ఉండనీయ్" అన్నాడాయన. "ఒక్కతే ఉంటదా అది?"

అప్పుడు చెప్పాను. దానికి చూపు అంతంత మాత్రమే. సముద్రంలో గోబీ అనే చిన్న చేపతో జతకడుతుంది. రొయ్య బొరియ తవ్వుతుంది, గోబీ వాకిట్లో కాపలా కాస్తుంది. రొయ్య మీసం ఎప్పుడూ గోబీ ఒంటికి తాకుతూనే ఉంటుంది. ప్రమాదమొస్తే గోబీ తోక ఆడిస్తుంది, రెండూ లోపలికి దూరిపోతాయి.

ఆయన పగలబడి నవ్వాడు. "అరె, మస్తుగున్నది గద! జల్దీ తెచ్చియ్యి బిడ్డా దాని జోడీని."

పసుపు గోబీ దొరకడానికి కొంతకాలం పట్టింది. ట్యాంకులో వదిలాక రెండూ కలిశాయో లేదో తెలియలేదు. ఒకరోజు పొద్దున స్వరూప వీడియో పంపింది. బొరియ నోట్లో గోబీ, దాని వెనక రొయ్య మీసం చేప వీపు మీద. వెనక నుంచి ఆయన గొంతు: "ఏం జేస్తున్నయి? మంచిగ జెప్పు." స్వరూప చెబుతూనే ఉంది. అపాయింట్‌మెంట్ రద్దు చేసుకున్నారు. ఆ వారమే ఆయన చర్చికి వెళ్లి డోలక్ ముందు కూర్చున్నాడు.

నా పనిలో కొలిచేవి చాలా ఉన్నాయి. ఉప్పు, వేడి, అమ్మోనియా, కాంతి. వాటితోనే ట్యాంకు బాగోగులు తేల్చేదాన్ని. ఇప్పుడు ఇల్లు చూడటానికి వెళ్తే ఇంకో ప్రశ్న కూడా వేస్తాను: పగలు ఈ గదిలో ఎక్కువసేపు ఉండేదెవరు? ట్యాంకుతో గడిపేది వాళ్లే. మీటరు పట్టుకోలేనిది ముందుగా తెలిసేదీ వాళ్లకే.

ఈమధ్య దుండిగల్ నుంచి ఒకామె ఫోన్ చేసింది. "మీటర్లన్ని కరెక్టే ఉన్నయి మేడం. మా అత్తమ్మేమో నీళ్ల వాసన మారిందంటున్నది. ముసల్దాని పరేషాన్, అంతే."

"అత్తమ్మను ట్యాంకు కాడనే కూసోవెట్టమ్మా" అన్నాను. "నేను వస్తున్న."