జేజి పేరు చెప్పేదాకా ఆగిన వీడియో

మా ఇంట్లో టీవీ వీడియోలు ఆగి ఆగి రావడం నా చేత బాగు కాలేదనే అందరూ అనుకుంటున్నారు. నిజానికి నేను చాలా ముందే దాన్ని బాగు చేశాను. ఇంతవరకు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

దయ్యాల కథలు చదివి హాయిగా నిద్రపోయే మనిషిని నేను. నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. డైరీలో రాసుకున్నంతవరకే ఇక్కడ చెబుతాను.

మాది కడప. నిరుడు మా జేజికి, అంటే నాన్న వాళ్ళమ్మకు, పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ తొందరగానే స్వాధీనంలోకి వచ్చాయి. మాట రాలేదు. తెలిసిన మనుషుల్ని వీడియోలో చూపించి ఎవరని అడగమని, అడిగి ఊరకుండమని, పేరు మాత్రం అందించవద్దని మాటలు నేర్పే మేడమ్ చెప్పింది.

నాన్న పెళ్ళి క్యాసెట్లను స్టూడియోలో ఫైళ్ళుగా మార్పించి పాత కంప్యూటర్‌లో వేశాను. దాన్నే సర్వర్‌గా చేసి, జేజి గదిలోని టీవీకి వైఫైతో కలిపాను.

నిమిషానికోసారి బొమ్మ ఆగేది. తెర మీద చక్రం తిరిగేది.

"ఏమ్మా ఇంజనీరమ్మా, నీ సర్వరు పల్లెబస్సు మాదిరి ఊరూరా నిలబడతాండాదే!" అని చిన్నాయన ఎగతాళి చేసేవాడు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. అడిగి ఊరకుండటం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. జేజి పెదవులు కదిలేలోపే చిన్నాయన "కాశింబీ గదమ్మా! పక్కింటి కాశింబీ!" అని అరిచేవాడు. జేజి నోరు మూసుకునేది. రానురాను ప్రయత్నించడమే మానేసింది. ఇట్లాగే ఇంకొన్నాళ్ళు పోతే మాట రావడం కష్టమని మేడమ్ అంది.

కనీసం వీడియో అయినా సరిగా రావాలని కూర్చున్నాను. కారణాలు రెండు దొరికాయి. మా ఇంటి బండరాతి గోడలు దాటేసరికి సిగ్నల్ బలహీనపడుతోంది. పైగా ఆ పాత రకం ఫైళ్ళను మా టీవీ నేరుగా చదవలేదు కాబట్టి, కంప్యూటర్ వాటిని అప్పటికప్పుడు మార్చి పంపలేక అలసిపోతోంది. గోడ వెంబడి కేబుల్ లాగాను. ఫైళ్ళన్నిటినీ టీవీకి సరిపడే రకంలోకి ముందే మార్చి పెట్టాను. తర్వాత ఒక్కదాన్నే కూర్చుని మూడు గంటల పెళ్ళి వీడియో అంతా చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

మరునాడు భోజనాలయ్యాక వీడియో పెట్టాను. తెర మీదికి కాశింబీ వచ్చింది. "ఎవరు జేజీ?" అన్నాను. బొమ్మ ఆగిపోయింది. ఈసారి చక్రం తిరగలేదు.

"మళ్ళా నిలబడెనా!" అని విసుక్కుంటూ చిన్నాయన లేచి బయటికి వెళ్ళాడు.

పేరు అందించేవాళ్ళు ఇక గదిలో లేరు. జేజి ఆ ముఖాన్నే చూస్తోంది. "కా" అంది. ఆగింది. చాలాసేపటికి "కాశింబీ" అంది. ఆ మాట పూర్తికాగానే బొమ్మ కదిలింది.

నేను ఏడ్చాను. యాదృచ్ఛికమే అనుకున్నాను కూడా.

ఆ నెలలో ఇట్లా పదకొండుసార్లు జరిగినట్టు డైరీలో ఉంది. ఆగిన చోటు ప్రతిసారీ వేరు. జేజి ఎవరి పేరు కోసం తడుముకుంటే ఆ మనిషి దగ్గరే. మూడోరోజు నుంచి వీడియో మొదలుకాగానే రిమోట్‌లో బ్యాటరీలు తీసేసేదాన్ని. ఫోను ఆపి పెట్టేదాన్ని. జరిగిందల్లా సర్వర్ రాసిపెట్టుకునే లాగ్‌లో మాత్రం ఎవరో పాజ్ నొక్కినట్టే నమోదైంది. ఏ పరికరం నుంచో చెప్పే చోటు ఖాళీగా ఉంది. జేజిని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు అదే వీడియోను మూడుసార్లు నడిపాను. ఎక్కడా ఆగలేదు.

ఒకరోజు చిన్నాయన టెక్నీషియన్‌ను పిలుస్తానన్నాడు. పెద్దవాళ్ళ ముందు తలెత్తి మాట్లాడటమే రాని నేను అబద్ధం చెప్పాను. "వద్దు చిన్నాయనా, నేనే చూస్తాండా. ఇంకా కాలేదు."

"నీతో కాదులే పాపా," అని నవ్వాడు. ఆ మాట పడ్డాను.

జేజి రెండు మూడు మాటలు కలిపి చెప్పడం మొదలుపెట్టాక వీడియో ఆగడం మానేసింది. ఇప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వస్తుంది. దానంతటదే బాగైందని ఇంట్లోవాళ్ళ నమ్మకం. నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. కారణం ఇప్పటికీ దొరకలేదు.

ఈ పొద్దున జేజి తన చిన్నప్పటి కమలాపురం సంగతి ఏదో చెబుతూ మధ్యలో ఒక మాట దగ్గర ఆగింది. నేను మరిచిపోయి ఆ మాట అందించబోయాను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది.

"నువ్వు అందియ్యొద్దు పాపా. రోంత తాళు, నేను చెప్తాండా గదా."