మొహం రానియ్యొద్దన్న మనిషి

తొంభైల్లో నల్లగొండ పట్టణంలో ఎవరి కంటా పడకుండా పనిచేసే మనుషుల ఫోటోలు తీస్తూ తిరిగాను. దవాఖాన శవాలగదిలో పనిచేసే అతను వాళ్లలో ఒకడు. కెమెరా ఎత్తితే చాలు, తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకునేవాడు.

"మొకం రానియ్యకు సారూ. ఇంట్ల కావలి పనని చెప్పిన."

సరేనన్నాను. కానీ ఒకరోజు అతను చనిపోయిన చిన్నపిల్ల జుట్టు సర్దుతుంటే కిటికీ వెలుగు అతని మొహం మీద పడింది. అంత మంచి ఫోటో నాకెన్నడూ రాలేదు. దాన్నే ఒక పత్రికకిచ్చాను.

వారానికి అతను నా దగ్గరికి వచ్చాడు. తిట్టలేదు.

"పేపరు మా ఊరికొచ్చింది. ఎవ్వలూ దగ్గరికి రానిస్తలేరు. నా ఇంటిదానికన్న అది నేను కాదని జర చెప్పు సారూ."

మర్రిగూడ దగ్గరున్న వాళ్ల ఊరికి ఇద్దరం వెళ్లాం. అతను వాకిట్లోనే ఆగిపోయాడు. లోపల అతని భార్యతో, అది వేరే మనిషి ఫోటో అని అబద్ధం చెప్పాను.

"ఆయన బట్టలు ఉతికేది నేనే. నాకెర్క కాదా?" అందామె గొంతు తగ్గించి. "ఇన్నేండ్లు తెల్వనట్టే ఉన్న. నేను నమ్మిన్నని చెప్పు సారూ."

బయటికొచ్చి, "నమ్మింది" అన్నాను.

అతను నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. నేను చూపు తిప్పుకున్నాను.